పరస్పర సామరస్యమును కొలుచుట : దక్షిణాఫ్రికా మూర్తిమత్వ శోధికా విచారము

1. ప్రస్తావన

మనుష్యుల స్వభావములను పేర్కొనుటకు మన భాషలయందు పదములకు కొదువ లేదు. కలుపుగోలు మనిషి, మొగమాటస్థుడు, మాటపట్టింపు గలవాడు, తగవులమారి, అందఱితో సర్దుకొనిపోవువాడు అను మాటలు వినినంతనే, ఆ మనుష్యుడు పదిమందిలో ఎట్లు మెలగునో మనకు స్ఫురించును. ఇట్టి స్వభావములను అంకెలతో కొలుచు విద్య మనస్తత్త్వశాస్త్రమున ఒక ప్రత్యేక శాఖగా పెరిగినది. ఆ కొలత కేవలము కుతూహలమునకై ఏర్పడినది కాదు. దానినిబట్టి ఒకనికి ఉద్యోగ మిచ్చుటయు, వేఱొకనికి నిరాకరించుటయు జరుగుచున్నది. కావున ఆ కొలబద్ద ఎవరి మాటలతో తయారైనది, ఎవరి మాటలను వదలిపెట్టినది అను ప్రశ్న న్యాయమునకు సంబంధించినది. అంతకంటె ముందు భాషకు సంబంధించినది.

ఒక పరీక్షను ఇంకొక భాషలోనికి అనువదించినంత మాత్రమున అది ఆ భాషీయులకు న్యాయమైన పరీక్ష కానేరదు. ఈ సత్యమును బహుభాషా రాజ్యమైన దక్షిణాఫ్రికా అనుభవము చక్కగా విశదపఱచుచున్నది. అచటి పండితులు 11 భాషలు మాటలాడువారిని అడిగి తెలిసికొని, దక్షిణాఫ్రికా మూర్తిమత్వ శోధిక అను పరీక్షను నిర్మించిరి. అందు పరస్పర సామరస్యమునకు ప్రధాన స్థానము లభించినది. ఆ శోధిక ఎట్లు పుట్టినది, దాని సప్రమాణత ఎట్లు పరీక్షింపబడినది, ఏ సందేహములు మిగిలినవి అను విషయములను భాషాపరిశోధకుల దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

2. నిఘంటువునుండి పరీక్షకు

మూర్తిమత్వ పరిశోధనకు నిఘంటువే తొలి పొలము. మనుష్యులు ఒకరినొకరు తెలిసికొనుటకు ముఖ్యమని తలచిన భేదములన్నియు కాలక్రమమున భాషలో పదములుగా నిలిచియుండును. కావున ఆ పదములను కూర్చి వర్గీకరించినచో స్వభావ నిర్మాణము బయటపడును అనునది ఆ పద్ధతికి మూలసూత్రము. ఫ్రాన్సిస్ గాల్టన్ 1884లో ఒక ఆంగ్ల పదకోశమును తిరుగవేసి, శీలమును తెలుపు పదములు వేయివఱకు ఉండునని అంచనా వేసెను. 1936లో గార్డన్ ఆల్పోర్ట్, హెన్రీ ఓడ్బర్ట్ అనువారు వెబ్‌స్టర్ నిఘంటువునుండి 17,953 పదములను ఏర్చి కూర్చిరి. రేమండ్ కాటెల్ ఆ జాబితాను క్రమముగా కుదించి 16 కారకముల ప్రశ్నావళికి దారితీసెను. తరువాతివారి పరిశోధనలవలన బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, ఉద్వేగ స్థైర్యము, నూతనభావ స్వీకారము అను ఐదు కారకముల సిద్ధాంతము ప్రాబల్యము వహించినది.

ఈ పరంపర యంతయు ఆంగ్ల నిఘంటువునుండి బయలుదేఱినదని మఱువరాదు. ఇతర భాషలలోనికి ఆ ప్రశ్నావళులు అనువాదములుగా వెళ్లినవి. అనువదించినవారు ఆంగ్లమున ఉన్న ప్రశ్నలను తమ భాషలోనికి తెచ్చుకొనిరి గాని, తమ భాషలో ఉండి ఆంగ్లమున లేని దానిని చేర్చుకొనుటకు అందు అవకాశము లేదు. ఐదు కారకములలో తోటివారితో మనుష్యునకుగల సంబంధమును ప్రధానముగా సౌమ్యత యొక్కటియే మోయుచున్నది. సంబంధములే జీవితమునకు ఆధారమని తలచు సమాజములలో ఆ ఒక్క గది చాలునా అను సందేహము సహజముగా కలుగును.

ఈ సందేహమును మొదట గట్టిగా లేవనెత్తినవారిలో హాంగ్‌కాంగ్ చైనీయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫానీ చియుంగ్, ఆమె సహచరులు ముఖ్యులు. 1996లో వారు ప్రకటించిన చైనీయ మూర్తిమత్వ శోధిక ఆంగ్ల పరీక్షకు అనువాదము కాదు. సమకాలిక నవలలు, సామెతలు, సామాన్య జనుల మాటలు దానికి ముడిసరుకులైనవి. సామరస్యము, ముఖమర్యాద, ఇచ్చిపుచ్చుకొను బాధ్యత మొదలగు భావములతో కూడిన పరస్పర సంబంధశీలత అను కారకము అందు వెలువడినది. 2001లో ప్రచురితమైన పరిశోధనలో దీనిని ఐదు కారకముల ప్రశ్నావళితో కలిపి విశ్లేషింపగా, ఆ కారకము ఐదింటిలో దేనియందును లీనము కాక వేఱుగా నిలిచినది.

3. దక్షిణాఫ్రికాలో ఏర్పడిన అవసరము

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన 1994లో అంతరించినది. 1996 నాటి రాజ్యాంగము 11 భాషలను అధికార భాషలుగా గుర్తించినది. వానిలో జూలూ, ఖోసా, స్వాతి, దెబేలే, సోతో, పెడి, త్స్వానా, వెండా, త్సోంగా అను తొమ్మిదియు బంటూ కుటుంబమునకు చెందినవి. తక్కిన రెండు ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు. సంజ్ఞాభాష 2023లో 12వ అధికార భాషయైనది.

1998లో వచ్చిన ఉద్యోగ సమత్వ శాసనము 8వ విభాగమున మనస్తత్త్వ పరీక్షలకు నిబంధనలు విధించినది. పరీక్షకు సప్రమాణతయు విశ్వసనీయతయు గలవని శాస్త్రీయముగా నిరూపింపబడవలెను. ఉద్యోగులందఱికిని దానిని న్యాయముగా వర్తింపజేయ వీలుండవలెను. ఏ వ్యక్తికిగాని, ఏ వర్గమునకుగాని వ్యతిరేకముగా అందు పక్షపాత ముండరాదు. ఈ నిబంధనలు తీఱనిచో ఆ పరీక్ష నిషిద్ధము. అంతవఱకు పండితుల చర్చలకు పరిమితమైన సప్రమాణత అను మాట ఈ విధముగా శాసన భాషలోనికి వచ్చినది.

వాడుకలోనున్న పరీక్షలు ఈ నిబంధనలకు నిలువగలవా అని చూడగా చిక్కులు బయటపడినవి. కాటెల్ 16 కారకముల ప్రశ్నావళిని గూర్చి 1999లో ప్రచురితమైన పరిశోధనలో, ప్రశ్నలలోని పదములకు పర్యాయపదములు చెప్పుడని విద్యార్థులను అడిగిరి. ఇంగ్లీషు మాతృభాష కానివారిలో పలువురు అర్థములను పొరపడిరి. పోలీసు ఉద్యోగములకై వచ్చిన అభ్యర్థులపై జరిగిన మఱియొక పరిశోధన 2005లో వెలువడినది. అందు పరీక్షింపబడిన మూర్తిమత్వ ప్రశ్నావళికి కొన్ని భాషావర్గములలో చాలినంత విశ్వసనీయత కనబడలేదు.

ఇచట జరిగిన అన్యాయమును గుర్తింపవలెను. ఒక యువకుడు ప్రశ్నలోని పదమును తప్పుగా గ్రహించి జవాబు వ్రాసెననుకొందము. పరీక్షకుని కాగితముపై అది భాషాదోషముగా కానరాదు, ఉద్వేగ స్థైర్యములో లోపముగా కానవచ్చును. గణితములో తప్పు చేసినవాడు తన తప్పును తెలిసికొనగలడు. తన స్వభావమే లోపభూయిష్ఠమని ఒక పరీక్ష తేల్చినచో, దానికి బదులు చెప్పుకొనుటకు ఆ అభ్యర్థికి మార్గమే లేదు.

4. మాటలను సేకరించిన విధము

డియోన్ మైరింగ్, అలెవిన్ నెల్, నెదర్లాండ్స్ దేశీయుడైన ఫాన్స్ వాన్ డి వైవర్ మొదలగువారు ఈ లోపమును తీర్చుటకు పూనుకొనిరి. వారు నిఘంటువుతో ఆరంభింపలేదు. పై భాషలలో అనేకమునకు ఆంగ్లమునకు ఉన్నంతటి విస్తృతమైన నిఘంటువులు లేవు. అంతకంటె ముఖ్యముగా, స్వభావమును విశేషణములతోనే చెప్పవలెనను నియమము అన్ని భాషలకు లేదు. బంటూ భాషలలో విశేషణములు సంఖ్యలో స్వల్పము; గుణవర్ణన తఱచు క్రియలతోను, నామబంధములతోను సాగును. విశేషణముల పట్టికనే మూర్తిమత్వ పటముగా గ్రహించినచో ఆ భాషలు దరిద్రములుగా కనబడును. ఆ దారిద్ర్యము పద్ధతిది గాని భాషది కాదు.

కావున పరిశోధకులు మనుష్యుల వద్దకే వెళ్లిరి. 11 భాషలకు చెందిన 1,216 మందిని వారి వారి మాతృభాషలలో ప్రశ్నించిరి. తమకు బాగుగా తెలిసినవారిని వర్ణింపుమని కోరిరి. 50 వేలకు పైగా వర్ణనలు లభించినవి. వానిని ఆంగ్లములోనికి అనువదించి, మెట్టుమెట్టుగా కుదించి, 37 ఉపవర్గములుగాను, తుదకు 9 వర్గములుగాను ఏర్పఱచిరి. ఈ ఫలితములు 2012లో ప్రచురింపబడినవి.

ఆ తొమ్మిదింటిలో కర్తవ్యనిష్ఠ, ఉద్వేగ స్థైర్యము, బహిర్ముఖత, బుద్ధి, నూతనభావ స్వీకారము అనునవి పాశ్చాత్య పరీక్షలకు పరిచితములే. తక్కిన నాలుగును, అనగా సంబంధ సామరస్యము, మృదుహృదయత, ఋజువర్తనము, ఇతరులకు దారిచూపి ప్రోత్సహించుట అనునవి, తోటివారితో మెలగు తీరును తెలుపును. ఐదు కారకముల సిద్ధాంతము ఒక గదిలో ఇమిడ్చిన దానికి ఈ జనులు తమ మాటలలో నాలుగు గదుల యిల్లు కట్టిరి. మనిషి తోటి మనుష్యుల వలననే మనిషి యగునని అర్థమిచ్చు జూలూ సామెత ఒకటి లోకప్రసిద్ధము. 50 వేల వర్ణనల సారమును ఆ సామెత ముందే చెప్పినట్లున్నది.

సంబంధ సామరస్యమను వర్గమున ఇమిడిన ఉపవర్గములు భాషావేత్తలకు ఆసక్తి కలిగించును. కలుపుగోలుతనము, పరస్పర సంబంధశీలత అనునవి అనుకూలములు. కయ్యమునకు కాలు దువ్వుట, పరుల విషయములలో తలదూర్చుట అనునవి ప్రతికూలములు. సామరస్యమనగా కేవలము కలహము లేకుండుట కాదని ఈ పట్టికయే తెలుపుచున్నది. గడప దాటి ఎవరి జోలికిని పోనివాడు కలహించడు. అంతమాత్రమున వానిని కలుపుగోలు మనిషి అనము.

తరువాత ఈ వర్ణనలను ప్రశ్నాంశములుగా మలచిరి. వాక్యము చిన్నదిగా, సరళముగా, ప్రథమ దృష్టికే అర్థమగునట్లు ఉండవలెను. జాతీయములు, వ్యతిరేకార్థక నిర్మాణములు కూడవు. అన్ని భాషలలోనికి మార్చుటకు వీలుగా ఉండవలెను. ఈ నియమముల అవసరమును మన భాషనుండియే గ్రహింపవచ్చును. ఒకరి తప్పులను కడుపులో పెట్టుకొనుట అని మనమందుము. దీనిని పదమునకు పదముగా మార్చినచో పరభాషీయునకు నవ్వు పుట్టును. క్షమించుట అని మార్చినచో ఓర్పు, ఆత్మీయత, గోప్యత అను మూడు ఛాయలలో ఒకటైనను జాఱిపోవును.

5. సప్రమాణతను నిరూపించుట

ఒక పరీక్ష సప్రమాణమనగా, అది దేనిని కొలుచుచున్నానని చెప్పుచున్నదో దానినే కొలుచుట. కాని సామరస్యము వంటి భావమునకు పోల్చిచూచుటకు వెలుపల కొలబద్ద లేదు. ఈ చిక్కును గూర్చియే 1955లో క్రాన్‌బాక్, మీల్ అనువారు భావనా సప్రమాణతను ప్రతిపాదించిరి. 1959లో కాంప్‌బెల్, ఫిస్క్ అనువారు దానికి రెండు లక్షణములు చెప్పిరి : పరీక్ష తన బంధువులతో కలియవలెను, పరాయివానితో కలియరాదు.

బహుభాషా సమాజమున దీనికి మూడవ లక్షణము చేరును. అన్ని వర్గములలోను కొలత ఒక్కటే కావలెను. ధాన్యమును కొలుచు కుంచమును ఉదాహరణముగా తీసికొందము. రెండు గ్రామములలోను కుంచముతో ధాన్యమునే కొలుచుచున్నారు. కాని కుంచముల పరిమాణములు వేఱు. అప్పుడు ఏ గ్రామమున కా గ్రామమునందే ఎక్కువ తక్కువలు చెప్పవచ్చును. ఒక గ్రామపు అంకెను రెండవ దానితో పోల్చరాదు. కుంచములు సమానమే గాని, ఒకదాని అడుగున మానికెడు గింజలు ముందే అంటుకొని యున్నవనుకొందము. అప్పుడు హెచ్చుతగ్గుల భేదములను పోల్చవచ్చును గాని, మొత్తములను పోల్చరాదు. పరిమాణమును, అడుగును రెండును సమానమైనప్పుడే ఈ గ్రామమున పంట ఎక్కువ అని పలుక వీలగును. మూర్తిమత్వ పరీక్షలలో నిర్మాణసామ్యము, మానసామ్యము, పూర్ణసామ్యము అని చెప్పబడునవి ఈ మూడు మెట్లే. ఉద్యోగమునకై భిన్నభాషీయులను ఒకే వరుసలో నిలుపవలెనన్నచో మూడవ మెట్టు అవసరము.

నిర్మాణసామ్యమును చూచుటకు టకర్ పేర ప్రసిద్ధమైన గుణకమును వాడుదురు. అది 0.90కి తక్కువైనచో రెండు వర్గముల కారకములు ఒకటే అని చెప్పుటకు సాధారణముగా సాహసింపరు.

ఈ శోధికను గూర్చిన ప్రధాన పరిశోధన 2015లో వెలువడినది. 146 అంశముల ప్రశ్నావళిని 671 మంది నల్లజాతీయులకు, 391 మంది తెల్లజాతీయులకు, 198 మంది మిశ్రజాతీయులకు, 104 మంది భారత సంతతివారికి ఇచ్చిరి. విశ్లేషణమున ఆరు కారకములు తేలినవి. అవి అనుకూల సామాజిక సంబంధశీలత, ప్రతికూల సామాజిక సంబంధశీలత, ఉద్వేగ చాంచల్యము, బహిర్ముఖత, కర్తవ్యనిష్ఠ, నూతనభావ స్వీకారము. వర్ణనలలో కనబడిన నాలుగు సంబంధ వర్గములు ఇచట రెండుగా కుదిరినవి. మఱియొక విద్యార్థి సమూహమున ఈ శోధికను ఐదు కారకముల ప్రశ్నావళితో కలిపి విశ్లేషింపగా, సామాజిక సంబంధ కారకములు వేఱుగానే నిలిచినవి. చైనీయుల అనుభవమును, ఈ అనుభవమును స్వతంత్రముగా ఒకే వైపు చూపుట గమనింపదగినది.

6. మిగిలిన సందేహములు

ఇంతటి శ్రమతో నిర్మింపబడిన పరీక్షయందును కొన్ని ప్రశ్నలు నిలిచియున్నవి. వానిని దాచుట ఆ పరిశోధకులకు గౌరవము కాదు.

మొదటిది అనువాదము. 11 భాషలలో పలికిన మాటలు వర్గీకరణమునకు ముందే ఆంగ్లములోనికి మాఱినవి; 2015 పరిశోధనలో ప్రశ్నావళి కూడ ఆంగ్లముననే ఇయ్యబడినది. అనగా పంట అన్ని పొలములదియైనను తూర్పారపట్టిన చేట ఒక్కటే. త్స్వానాలో వేఱుగానున్న రెండు భావములు ఆంగ్లమున ఒకే పదమైనచో ఆ భేదము లెక్కకు రాదు.

రెండవది అనుకూల ప్రతికూల కారకములు విడిపోవుట. సామరస్యమును నిలుపు గుణమును, దానిని చెఱచు గుణమును నిజముగానే వేఱు గుణములు కావచ్చును. అటు గాక, మంచిగా చెప్పిన వాక్యములు ఒక వైపు, చెడుగా చెప్పినవి ఒక వైపు చేరుట వాక్యరచన ఫలితమును కావచ్చును. ప్రశ్నావళులలో ఇట్టి చీలిక పరిశోధకులకు చిరపరిచితము. దీనిని తేల్చుటకు జవాబులు మాత్రమే చాలవు. తోటివారి సాక్ష్యమును, నడవడిని కూడ చూడవలెను.

మూడవది సామరస్యమునందే గల చిక్కు. నేను ఇతరులతో కలహింతును అని ఎవడు వ్రాయును? సామరస్యమును మిక్కిలి గౌరవించు సమాజమున ఆ గుణము తనకు కలదని చెప్పుకొనుట కూడ మర్యాదలో భాగమే. అప్పుడు పరీక్ష కొలిచినది సామరస్యమా, సామరస్యవంతునిగా కనబడవలెనను కోరికయా? కుంచము అడుగున అంటుకొన్న గింజలు ఇవియే.

నాలుగవది సంఖ్య. 1,364 మందిలో భారత సంతతివారు 104 మంది. 146 అంశములు గల పరీక్షకు అంశముల కంటె తక్కువ సంఖ్యలోనున్న వర్గమున నిర్మాణమును స్వతంత్రముగా స్థాపించుట కష్టము. న్యాయము అందఱికని శాసనము చెప్పినను, చిన్న వర్గములకు దాని నిరూపణము ఆలస్యముగానే అందును.

7. మనకు గల ప్రసక్తి

ఆ చిన్న వర్గమున మనవారును కలరు. మద్రాసు రేవునుండి బయలుదేఱిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినది. అది మొదలు 1911 వఱకు నటాల్ చెఱకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు గణనీయముగా నుండిరి. 1931లో వారి వంశీయులు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. దక్షిణాఫ్రికా రాజ్యాంగము తెలుగును అధికార భాషగా గాక, గౌరవించి పెంపొందింపవలసిన సమాజ భాషలలో ఒకటిగా పేర్కొన్నది. 11 అధికార భాషల నుండి మాటలు కూర్చిన శోధికలో తెలుగు మాటకు చోటు లేకపోయినది. భాషాభేదమును మన్నించిన పరీక్షకును ఎల్ల యొకటి కలదని దీనివలన తెలియుచున్నది.

ఇక భారతదేశమున ఈ పని ఆరంభదశలో ఉన్నది. హిందీ నిఘంటువునందలి స్వభావపదములపై జరిగిన పరిశోధన ఒకటి 2013లో వెలువడినది. ఫలితములను సత్త్వ రజస్తమో గుణముల భావనతో పోల్చి చూచిరి. ద్రావిడ భాషలకును ఇట్టి కృషి అవసరము. తెలుగున మొగమాటము అను పదమునే చూడుడు. ఎదుటివాని మొగము చూచి కాదనలేకపోవుట దాని అర్థము. అది సిగ్గు కాదు, భయము కాదు, కేవలము సౌజన్యమును కాదు. ఒకచో మెచ్చుకోలు, ఒకచో మందలింపు. అనుకూల కారకమునకు చెందునో, ప్రతికూల కారకమునకు చెందునో ముందుగా ఎవరును చెప్పజాలరు. ఆంగ్లమునుండి అనువదించిన ఏ ప్రశ్నావళియు ఈ గుణమును గూర్చి మనలను అడుగదు.

ఇట్టి పదములను సేకరించు మార్గము తెలుగు విద్వాంసులకు క్రొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమ సంపుటమునకై వ్యవసాయ పదములను రైతుల నోట విని ప్రాంతముల వారీగా కూర్చిరి. గ్రంథములలో ఎక్కని మాటలు అట్లు పైకి వచ్చినవి. నాగలి భాగములకు చేసిన ఆ పనిని మనుష్య స్వభావములకును చేయవచ్చును. అయితే వర్గీకరణము కూడ తెలుగుననే జరుగవలెను. అనువాదము చివరి మెట్టు కావలెను గాని మొదటిది కారాదు. దక్షిణాఫ్రికా పరిశోధకుల కృషి నుండియు, అందు మిగిలిన కొఱత నుండియు మనకు లభించు పాఠ మిదియే.

గణితము మనస్తత్త్వ శాస్త్రజ్ఞులది, మాట మనది. కుంచమును సరిచూచుట వారి పనియైనను, అందు పోయవలసిన గింజ ఏ పొలమునుండి రావలెనో చెప్పవలసినవారు భాషాపరిశోధకులు. ఈ రెండు శాఖలవారు కలిసి పనిచేయని యెడల, పరీక్షలో తప్పినవాడు నిజముగా తప్పెనో, పరీక్షయే తప్పెనో తెలియకయే తీర్పులు సాగుచుండును.